ఇరవై తొమ్మిది రూపాయల పాపం

ఆ చాతుర్మాసంలో మా మామగారు వరసగా ఆరు మంగళవారాలు ఉప్పులేని పెసలు తిన్నారు. దానికి కారణం సీరియళ్ళు చూపించే ఒక యాప్ వాళ్ళు వారం వారం ఆయన ఖాతాలోంచి పట్టుకుపోయిన ఇరవై తొమ్మిది రూపాయలు. ఆ పెసలు ఉడకబెట్టింది నేను. ఆ డబ్బు పోకుండా ఆపే దారి మూడో వారం దాటాక తెలిసి కూడా నోరు మూసుకున్నదాన్నీ నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది.

మాది సూరత్‌లో గోపీపురా. మామగారు సేవంతీలాల్ షా. ఇంట్లో అందరం బాపూజీ అంటాం. యాభై ఏళ్ళు చీరల టోకు వ్యాపారం చేసి, రెండేళ్ళ కిందట దుకాణం మా ఆయన కేతుల్ చేతుల్లో పెట్టి ఇంట్లో కూర్చున్నారు. బేరం లేకపోతే వ్యాపారికి పొద్దు గడవదు. కొన్నాళ్ళు కూరలమ్మేవాళ్ళను ఏడిపించారు, వాళ్ళు మా వీధికి రావడం మానేశాక ఫోనులో సీరియళ్ళకు మరిగారు. 'మనోరంగ్' అనే యాప్ వాళ్ళు ఒక్క రూపాయికి వారం రోజులు చూపిస్తామన్నారు. ఒక్క రూపాయికి వస్తున్న సరుకును వద్దన్నవాడు మా షా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. ఆ తర్వాత ప్రతి మంగళవారం ఇరవై తొమ్మిది రూపాయలు మేమే తీసుకుంటామని ఆ పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో రాశారట. చీరలో ఒక్క పోగు తేడా ఉన్నా దీపం లేకుండా పట్టేసే మనిషి, ఆ అక్షరాలు మాత్రం చూడలేదు.

ఆషాఢ చతుర్దశి నాడు వానలో తడుస్తూ అందరం ఉపాశ్రయానికి, అంటే మా జైన సాధువులు బస చేసే చోటికి వెళ్ళాం. వానల నాలుగు నెలలూ మా సాధువులు ఊరు కదలరు. వాళ్ళ ఎదుట మేమంతా ఏదో ఒకటి మానేస్తామని మాటిస్తాం. ఒకరు ఆకుకూరలు మానేస్తారు, ఒకరు చెప్పులు మానేస్తారు. బాపూజీకంటే ముందు లేచిన రమణీక్‌భాయ్ టీవీ చూడనన్నాడు. ఆయనా బాపూజీ ముప్పై ఏళ్ళు ఎదురెదురు దుకాణాల్లో కూర్చున్నవాళ్ళు. ఆ మాట విని బాపూజీ ఊరుకుంటారా. చేతులు జోడించి, కార్తీక పున్నమి దాకా సీరియళ్ళు చూడను, చూపించను, చూసేవాళ్ళను మెచ్చుకోను అని మూడు మెట్లూ ఎక్కి కూర్చున్నారు. జనమంతా భళీ అన్నారు. పక్కనున్న మా అత్తగారు కంచన్ బా మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు అర్థం కాలేదు, చలికేమో అనుకున్నాను.

వచ్చిన మంగళవారం పొద్దున్నే ఉయ్యాల బల్ల మీద ఉండగా ఆయన ఫోను మోగింది. ఖాతాలోంచి ఇరవై తొమ్మిది రూపాయలు పోయాయి. నన్ను పిలిచారు. చూడటం మానేసి నాలుగు రోజులైతే ఇంకా డబ్బెందుకు తీసుకుంటున్నారని అడిగారు. మనం వద్దని చెప్పేదాకా తీసుకుంటూనే ఉంటారని చెప్పాను. ఆయన కాసేపు ఉయ్యాల ఊపడం ఆపేశారు.

"అంటే నా డబ్బుతోనే వాళ్ళు సీరియళ్ళు తీస్తున్నారు. నేను చూడకపోయినా ఊరందరికీ చూపిస్తున్నాను."

ఇరవై తొమ్మిది రూపాయలు వాళ్ళ హీరోయిన్ బొట్టుబిళ్ళకు కూడా చాలవని సర్దిచెప్పబోయాను. పాపానికి రాయితీలుండవన్నారు. గొడుగు కూడా తీసుకోకుండా ఉపాశ్రయానికి వెళ్ళిపోయారు. అక్కడి పెద్ద సాధువు మహారాజ్ సాహెబ్ నవ్వి, డబ్బు పోయిన రోజున ఒక ఆయంబిల్ చెయ్యమన్నారట. ఆయంబిల్ అంటే రోజుకు ఒక్కపూట, నెయ్యి, నూనె, పాలు, కూర ఏమీ లేకుండా ఉడికిన గింజలు తినడం. పాపం ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి ఫోను ముట్టినవాడు కాదు; ఇదేదో ఒక్కసారితో పోయే సంగతి అనుకున్నాడు. ఉప్పు వేసుకోవచ్చని కూడా అన్నాడట. బాపూజీ అదీ వద్దనుకున్నారు. చీరల మీద రెండు రూపాయలు తగ్గించమంటే గంటసేపు వాదించే మనిషి, తన శిక్షలో చిటికెడు ఉప్పు తగ్గించుకోలేదు.

ఆ సాయంత్రమే ఫోనులోంచి యాప్‌ను పీకేసి, పీడ వదిలిందన్నారు. దుకాణం షట్టరు దించేస్తే వ్యాపారం ఆగిపోయినట్టేనని ఆయన లెక్క. సోమవారం పొద్దున మెసేజ్ వచ్చింది: రేపు మీ ఖాతాలోంచి ఇరవై తొమ్మిది రూపాయలు తీసుకోబోతున్నామని. దొంగ ముందురోజే వచ్చి తలుపు తట్టి చెప్పి వెళ్ళినట్టుంది. మంగళవారం తీసుకున్నారు. నేను పెసలు నానబెట్టాను.

అప్పుడు యాప్‌ను మళ్ళీ పెట్టి, ఆపేసే చోటు వెతకడం మొదలుపెట్టాం. డబ్బు కట్టే మీట మొదటి పేజీలోనే అరచెయ్యంత ఉంది. ఆపే మీట కోసం ఏడు తలుపులు తీయాల్సి వచ్చింది. ఏడో తలుపు వెనక మైనా అనే బొమ్మపిట్ట ఉంది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మమ్మల్ని వదిలి వెళ్ళిపోతారా అని అడిగింది, వెళ్ళకపోతే ఇరవై తొమ్మిది కాదు, పంతొమ్మిదికే ఇస్తామంది.

నేను 'వద్దు' నొక్కబోయాను. బాపూజీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. రెండేళ్ళుగా నేను చూడని వెలుగు ఆయన కళ్ళలోకి వచ్చింది. పది రూపాయలు వాళ్ళంతట వాళ్ళే తగ్గించారంటే లోపల ఇంకా ఎంత లాభముందో చూడమన్నారు. ఇప్పుడు మనకు కావలసింది ఆపడం కదా బాపూజీ అంటే, ఆపుతాను, ముందు వాళ్ళ అసలు ధర తెలుసుకోనివ్వన్నారు. పన్నెండు అని కొట్టారు. పిట్టకు అర్థం కాలేదు. పంతొమ్మిదే అంది. బాపూజీ ఫోనును బల్ల మీద బోర్లించి, చేతులు కట్టుకుని, వాన చూస్తూ కూర్చున్నారు. దుకాణం మెట్లు దిగి వెళ్ళిపోతున్నట్టు నటిస్తే వెనక నుంచి పిలుస్తారట. అరగంట గడిచింది. ఫోను టింగుమంది. పదిహేనుకే ఇస్తాం, ఇదే ఆఖరు అని ఉంది. బాపూజీ గభాల్న సరే నొక్కారు.

"చూశావా అమ్మాయీ, సగానికి సగం కొట్టాను."

ఆ ముఖంలో సంతోషం పట్టుమని పది క్షణాలు కూడా నిలవలేదు. తెర మీద రంగుకాగితాలు రాలాయి, అభినందనలు, మీరు ఏడాదిపాటు మాతోనే ఉంటున్నారు అని వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత నా వైపు చూడకుండా, పదిహేనైనా ఇరవై తొమ్మిదైనా ఆయంబిల్ ఒకటేనా అని అడిగారు. ఒకటేనేమో బాపూజీ అన్నాను. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. రాత్రి కేతుల్‌కు చెబితే అతను నవ్వుతూ మంచం మీద పడి దొర్లాడు గాని, రేపు కస్టమర్ కేర్‌తో నువ్వే మాట్లాడు అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడో మంగళవారం పదిహేను రూపాయలు పోయాక నేనే పట్టుబట్టి కూర్చున్నాను. యాప్‌ను వదిలేసి, డబ్బు కట్టే యాప్ లోపల వెతికాను. అక్కడ ఒక మూలన, మీ ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి ఎవరెవరికి అనుమతి ఇచ్చారో ఒక జాబితా ఉంది. అందులో మనోరంగ్ పేరు ఉంది. పక్కనే రద్దు అని ఉంది. బాపూజీ పిన్ నాకు తెలుసు. ఒక్క నొక్కుతో పోయేది. ఆనందం పట్టలేక, ఫోను పట్టుకుని మొదట బా దగ్గరికి పరిగెత్తాను.

బా వెనకగదిలో పెసలు ఏరుతోంది. అలా అని ఇల్లంతా అనుకునేది. పళ్ళెం వెనకాల నా పాత ట్యాబ్లెట్ ఆనించి ఉంది. దాంట్లో బాపూజీ పేరుతోనే మనోరంగ్ ఉంది, ఎప్పుడో నేనే పెట్టి మరిచిపోయాను. తెర మీద పెద్దకోడలు ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. చిన్నకోడలు ఆవిడ నగలన్నీ వేసుకుని పక్కన నిలబడి ఏడుస్తోంది. బా కళ్ళు ఎత్తకుండానే, ఆ నగలు చూస్తే నీకు ఒళ్ళు మండదూ అంది. ఎప్పటి నుంచి అని అడిగాను. ఆయన ముందుగదిలో చూస్తున్నప్పుడు తలుపు చాటు నుంచి వినేదట. ఆయన మానేశాక వినడానికి కూడా లేకుండా పోయిందట. ఉపాశ్రయంలో నా చెయ్యి ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలిసింది.

పెళ్ళై వచ్చి పదకొండేళ్ళు. అన్నేళ్ళలో బా నాతో మాట్లాడిందంతా పిండి, పప్పు, పనిమనిషి గురించే. ఏది ఇష్టమని ఆవిడను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బాపూజీకి మెత్తటి రొట్టెలు ఇష్టం, కేతుల్‌కు ఢోక్లా ఇష్టం. బాకు వాళ్ళు తింటే ఇష్టం. అంతే నాకు తెలిసింది. ఆవిడ నా ముఖం చూసి, చేతిలో ఫోను చూసి, సంగతి గ్రహించింది.

"ఈ ఒక్క వారం ఉండనీ జాగూ. ఆ పిల్ల కళ్ళు తెరుస్తుందో లేదో చూశాక ఆపేద్దాం."

నేను ఆపలేదు. తప్పని తెలుసు. మర్నాటి నుంచి మధ్యాహ్నం బాపూజీ కదలకుండా ధ్యానం చేసుకునే సామాయికంలో కూర్చున్న గంటసేపూ, చెవిలో పెట్టుకునే తీగలు చెరొకటి పెట్టుకుని, మధ్యలో పెసల పళ్ళెం పెట్టుకుని ఇద్దరం చూశాం. బాకు నోట్లో అంత వెటకారం ఉందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. డాక్టరు వస్తే, ఈయనకు వేరే చొక్కా కొనిపెట్టరా అనేది. అత్తగారి పాత్ర వస్తే, నయం, నేనింత మంచిదాన్ని కాను అనేది. నవ్వు పైకి రాకుండా ఇద్దరం చీరచెంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళం. నా పదకొండేళ్ళ కాపురంలో అంత సుఖమైన మధ్యాహ్నాలు నాకు గుర్తులేవు.

పెద్దకోడలు కళ్ళు తెరవలేదు. సీరియల్ కోడలు అంత సులువుగా తెరుస్తుందా. నాలుగో మంగళవారం బాపూజీ పళ్ళెంలో పెసలు పెట్టగానే, బా కూడా తన పళ్ళెంలో అవే పెట్టుకుని కూర్చుంది. ఉప్పు లేకుండా. నేను తెల్లబోయాను. వంటింట్లోకి వచ్చాక, పాపం నాదైనప్పుడు తినడం ఆయన ఒక్కడేనా అంది. బాపూజీకి ఇదేం తెలుసు. మర్నాడు ఉపాశ్రయంలో అందరి ముందూ, నా భార్య నా ప్రాయశ్చిత్తంలో సగం పంచుకుంటోందని చెప్పారు. నలుగురు ఆడవాళ్ళు వచ్చి బా కాళ్ళకు దణ్ణం పెట్టారు. దారిలో బా నా భుజం పట్టుకుని నడుస్తూ, నన్ను నరకానికి తీసుకెళ్ళినా మెళ్ళో దండ వేసి తీసుకెళ్తారే అంది. నవ్వింది గాని కళ్ళలో నీళ్ళున్నాయి.

ఈలోగా బాపూజీ ఊరికే కూర్చోలేదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేశారు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ తిప్పి తిప్పి, వీణపాట వినిపించి, ఆఖరికి ఒక మనిషి దొరికితే, అది మీ బ్యాంకు చూసుకోవాలన్నాడు. బ్యాంకుకు వెళ్తే, అది మీకూ ఆ కంపెనీకీ మధ్య సంగతి అన్నారు. ఐదో వారం ఆయనకు మరో ఉపాయం తట్టింది. సోమవారం సాయంత్రం ఖాతాలో డబ్బంతా కేతుల్ ఖాతాకు పంపేశారు. ఖాళీ గల్లాపెట్టెలో దొంగ ఏం తీసుకుంటాడు అని చేతులు రుద్దుకున్నారు. మంగళవారం వాళ్ళు వచ్చి చూసి ఉత్త చేతులతో వెళ్ళారు. బాపూజీ పండగ చేసుకున్నారు. బుధవారం ఆయన పేరున ఉన్న గోదాము అద్దె ఖాతాలో పడింది, పడిన గంటకు వాళ్ళు పదిహేనూ తీసుకున్నారు, మంగళవారం డబ్బు లేనందుకు బ్యాంకు వాళ్ళు వేరే రెండొందల పైచిలుకు జరిమానా తీసుకున్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. మంగళవారమే తినేసిన పెసలు బుధవారం పాపానికి చెల్లుతాయా అని మహారాజ్ సాహెబ్‌ను అడిగితే చెల్లుతాయన్నారు. ఆ రోజు నాకు నా మీదే అసహ్యం వేసింది. మధ్యాహ్నం ట్యాబ్లెట్ ముందు కూర్చోలేకపోయాను. బా ఒక్కర్తే చూసి, నాకు కథ చెప్పలేదు.

ఆరో వారం చివర్లో మెట్లు దిగుతూ బాపూజీ తూలారు. డెబ్భై నాలుగేళ్ళ ఒళ్ళు. మామూలుగానే చాతుర్మాసంలో ఒంటిపూట తింటారు, ఆ పైన ఈ పెసలు, ఈ కోపం, నిద్రలేమి. డాక్టరు తూకం వేసి నాలుగు కిలోలు తగ్గారన్నాడు. మా ఎనిమిది రోజుల పెద్ద పండగ పర్యూషణాలకు రెండు రోజులే ఉంది. పదిహేడేళ్ళుగా ఆ ఎనిమిది రోజులూ కాచిన నీళ్ళతోనే ఉపవాసం ఉంటున్నారు బాపూజీ, దాన్నే అఠాయి అంటాం. ఈసారి ఒక్క రోజు కూడా కుదరదని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఆయన వాదించలేదు. వాదించకపోవడం చూసి నాకు భయం వేసింది. ఇంటికొచ్చి ఉయ్యాల బల్ల మీద కూర్చుని, పదిహేను రూపాయలకు నా అఠాయి అమ్ముకున్నాను అన్నారు. ఎవరితోనూ కాదు, తనలో తనే.

బా గుమ్మంలో నిలబడి విన్నది. సోమవారం మధ్యాహ్నం పెసల పళ్ళెం లేకుండా ట్యాబ్లెట్ ఒక్కటే పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పుడే కొత్తభాగం వచ్చిందని తెర మీద కనబడుతోంది. మంచం మీద పెద్దకోడలి చెయ్యి కదులుతోంది. ఇది చూశాక ఆపుదామా బా అన్నాను.

"వద్దు. ఇప్పుడే ఆపెయ్."

ఆపేశాను. నిజంగానే ఒక్క నొక్కుతో పోయింది. మర్నాడు మంగళవారం బాపూజీ పొద్దున్నుంచి ఫోనునే చూస్తూ కూర్చున్నారు. అది మోగలేదు. బుధవారమూ మోగలేదు. తన ఫిర్యాదులకే వాళ్ళు దిగొచ్చారని రమణీక్‌భాయ్‌కు ఫోను చేసి చెప్పుకున్నారు. ఆయన గొంతులో హుషారు వింటుంటే నాకు సంతోషమూ వేసింది, తలదించుకోవాలనీ అనిపించింది.

పర్యూషణాల ఆఖరి రోజు సంవత్సరి. ఆ సాయంత్రం చేసిన తప్పులు తలుచుకునే ప్రతిక్రమణ అయ్యాక ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరి ముందూ చేతులు జోడించి, తెలిసో తెలియకో నొప్పించి ఉంటే క్షమించమని 'మిచ్ఛామి దుక్కడం' చెప్పుకుంటారు. ఏ తప్పుకో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఏడాది తప్పులన్నిటికీ కలిపి ఒక్క మాట, టోకు బేరం. ఇంటికొచ్చాక కేతుల్ చెప్పాడు, నేను చెప్పాను. బా వచ్చి బాపూజీ ముందు నిలబడి చేతులు జోడించింది. మాట బయటికి రాలేదు. బాపూజీ తలెత్తి చూశారు.

"ఏమైంది? ఎందుకలా ఉన్నావు?"

బా చెప్పేసింది. ట్యాబ్లెట్, వెనకగది, నేను దారి కనిపెట్టడం, తాను ఆపొద్దనడం. ఆరు మంగళవారాల్లో మూడు నావి అంది. ఆ మూడూ నేనూ తిన్నాను, అయినా మీ అఠాయి తిరిగి రాదు అంది. నేను కూడా పక్కన చేరి, వాటిలో నాకూ వాటా ఉందన్నాను. కేతుల్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బేరం వద్ద మౌనంగా కూర్చునే బాపూజీ పద్ధతి నాకు తెలుసు, ఈ మౌనం అది కాదు.

"నన్ను అడిగితే సరిపోయేది కదా," అన్నారు చివరికి.

"అడిగితే చూడనిచ్చేవారా?"

ఆయన ఎనిమిది రోజుల పుణ్యదినాల చివర అబద్ధమాడలేరు.

"లేదు," అన్నారు.

తర్వాత ఉయ్యాల బల్ల మీంచి లేచి, బా ముందు తానూ చేతులు జోడించి, మిచ్ఛామి దుక్కడం అన్నారు. దేనికని బా అడగలేదు. నా దగ్గరికి వచ్చి మాత్రం, మూడు వారాలు తెలిసి వండావు కదమ్మాయీ, పొరపాటునైనా చిటికెడు ఉప్పు పడెయ్యలేకపోయావా అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పది రోజుల తర్వాత బా తన ట్రంకుపెట్టెలోంచి ఏళ్ళ తరబడి కట్నకానుకలుగా వచ్చి దాచుకున్న నోట్లు తీసింది. బ్యాంకుకు బాపూజీయే తీసుకెళ్ళారు. కార్తీక పున్నమి దాకా మాట ఉంది కాబట్టి తాను చూపించకూడదు. కానీ భార్య పేరున ఖాతా తెరవకూడదని ఏ ప్రతిజ్ఞలోనూ లేదట, ఆ ఖాతాతో ఆవిడ ఏం చేసుకుంటుందో తనకు అక్కర్లేదట. డెబ్భై ఏళ్ళ బా పేరున అదే మొదటి ఖాతా. ఫారంలో సంతకం చెయ్యడానికి పావుగంట పట్టింది. ఇంటికొచ్చి, కొత్త ఫోనులో మనోరంగ్‌కు వారానికి ఇరవై తొమ్మిది కట్టడానికి బా ఒప్పుకుంది. చీమ తలకాయంత అక్షరాలన్నీ నాచేత పైకి చదివించుకుని మరీ ఒప్పుకుంది. పదిహేనుకు ఇస్తారే, నేను మాట్లాడతానని బాపూజీ పక్కనే గొణుగుతున్నారు. ఫోను పిన్ అడిగింది. బా వేలు ఆగింది.

"మీరు కాస్త అటు తిరగండి," అంది ఆయనతో.

యాభై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషిని అటు తిరగమన్నవాళ్ళు లేరు. బాపూజీ గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడ నాలుగు అంకెలూ ఒక్కొక్కటే నొక్కేదాకా కదలకుండా నిలబడ్డారు.